మన్యంలో మలేరియా ముప్పు పటం: వాతావరణ సమాచారంతో గీసే పద్ధతి

మలేరియా ముప్పు పటం గీయబూనేవారు కంప్యూటరు ముందు కూర్చోకముందే ఒక సంగతి తేల్చుకోవాలి: ఆ పటం చూసి ఎవరు, ఏ తేదీలోగా, ఏ పని చేస్తారు? పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు జవాబు స్పష్టంగానే ఉంది. గెడ్డలు (కొండవాగులు) పొంగి దారులు తెగిపోకముందే కొండమీది గ్రామాలకు ఆర్‌డీటీ కిట్లు (రక్తపు చుక్కతో మలేరియాను అక్కడికక్కడే తేల్చే పరీక్షలు), మందులు చేరాలి. ఇళ్ల గోడలకు దోమల మందు పిచికారీ ఏ ఊళ్లలో ముందు జరగాలో నిర్ణయం కావాలి. దోమతెరలు ఎక్కడ చిరిగి పాతబడ్డాయో చూసి కొత్తవి పంపాలి. ఈ పనులన్నిటికీ కనీసం ఒక నెల, వీలైతే రెండు నెలల గడువు అవసరం కాబట్టి, అంత ముందుగా చెప్పలేని పటం ఎంత అందంగా ఉన్నా జిల్లా మలేరియా అధికారికి అక్కరకు రాదు.

ఈ వ్యాసం తూర్పు కనుమల ఏజెన్సీ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని, ఉచితంగా దొరికే వాతావరణ సమాచారంతో మలేరియాలో ప్రమాదకరమైన ఫాల్సిపరమ్ రకం ముప్పును పటంపైకి ఎక్కించే క్రమాన్ని వివరిస్తుంది. ఇతర పరాన్నజీవి వ్యాధులకూ ఈ క్రమం కొద్ది మార్పులతో పనికివస్తుంది. పశువులకు వచ్చే కార్జపు జలగ వ్యాధిని ముందుగా అంచనా వేయడానికి బ్రిటన్‌లో ఓలెరెన్‌షా, రోలండ్స్ 1959లో రూపొందించిన సూచిక వర్షపాతం, వాన రోజుల సంఖ్య, ఆవిరయ్యే నీటి పరిమాణం అనే మూడు అంశాల మీదే ఆధారపడింది.

ఉష్ణోగ్రత: సగటు ఎక్కడ దారి తప్పిస్తుంది

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. రోగి రక్తంతోపాటు దోమలోకి వెళ్లిన పరాన్నజీవి అక్కడ కొన్నాళ్లు పెరిగి, లాలాజల గ్రంథులకు చేరిన తరువాతే మరొకరికి సోకగలదు. ఆ పెరుగుదలకు పట్టే రోజులను నిర్ణయించేది వేడిమి. దీనికి సోవియట్ కీటక శాస్త్రవేత్త డెటినోవా పేరిట ఉన్న సూత్రం నేటికీ విరివిగా వాడుకలో ఉంది. ఫాల్సిపరమ్ రకానికి 111ను, సగటు ఉష్ణోగ్రతలోంచి 16 తీసివేయగా మిగిలిన సంఖ్యతో భాగిస్తే రోజులు వస్తాయి. మలేరియాలో మరో రకమైన వైవాక్స్‌కు 105ను, ఉష్ణోగ్రతలోంచి 14.5 తీసివేయగా మిగిలిన సంఖ్యతో భాగించాలి.

ఈ లెక్కను ఒకసారి చేతితో చేసి చూడటం మంచిది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఫాల్సిపరమ్‌కు సుమారు 12 రోజులు, 20 డిగ్రీల వద్ద సుమారు 28 రోజులు, 18 డిగ్రీల వద్ద 55 రోజులకు పైగా పడుతుంది. దోమ ఒక రోజు బతికి మరుసటి రోజుకు చేరే అవకాశం నూటికి 90 అనుకుంటే, 12 రోజులు బతికే దోమలు నూటికి 28 ఉంటాయి, 28 రోజులు బతికేవి 5 మాత్రమే ఉంటాయి. అంటే ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గగానే వ్యాధిని మోయగల దోమల వాటా అయిదు రెట్లకు పైగా పడిపోతుంది. ఇక ఎండ పెరిగినకొద్దీ ముప్పు అదేపనిగా పెరుగుతూ పోతుందనుకోవడమూ పొరపాటే. పరాన్నజీవి త్వరగా పెరిగినా, మండుటెండలకు దోమ ఆయుష్షు తరిగిపోతుంది. ఎరిన్ మోర్డెకాయ్ బృందం 2013లో ప్రకటించిన గణిత నమూనా ప్రకారం మలేరియా వ్యాప్తికి అత్యంత అనుకూలమైన ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు. అంతకు ముందు నమూనాలు దానిని 31 డిగ్రీల దగ్గర ఉంచేవి. కాబట్టి ఉష్ణోగ్రతను నమూనాలో సరళరేఖగా పెట్టకుండా, కొంత దూరం ఎక్కి తరువాత దిగే వక్రరేఖగా పెట్టాలి.

కొండ ప్రాంతంలో ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. భారత వాతావరణ శాఖ 1951 నుంచి ఇస్తున్న గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల గ్రిడ్ ఒక డిగ్రీ పరిమాణంలో ఉంటుంది. అంటే ఒక్కో గడి దాదాపు 110 కిలోమీటర్ల వెడల్పు. అంత పెద్ద గడిలో విశాఖ తీరం, నర్సీపట్నం మెట్ట, పాడేరు కొండలు ఒకే అంకెగా కలిసిపోతాయి. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుందన్న సాధారణ లెక్క వేసినా, 900 మీటర్ల ఎత్తున ఉన్న పాడేరు తీరం కంటే దాదాపు 6 డిగ్రీలు చల్లగా ఉండాలి. పైన చూసిన అయిదు డిగ్రీల తేడా ఏమి చేయగలదో గుర్తుంటే, ఆ గ్రిడ్‌ను యథాతథంగా వాడి గీసిన పటం ఎంత తప్పుగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. 0.1 డిగ్రీ పరిమాణంలో, అంటే సుమారు 11 కిలోమీటర్ల గడులతో లభించే ఈఆర్ఏ5-ల్యాండ్ (ఐరోపా వాతావరణ కేంద్రం ఉచితంగా ఇచ్చే సమాచారం) ఉష్ణోగ్రతలను తీసుకోవాలి. ప్రతి గడి సగటు ఎత్తును లెక్కగట్టి, 30 మీటర్ల ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల పటంతో పోల్చి, గ్రామం ఆ సగటు కంటే ఎంత పైన లేదా కింద ఉన్నదో అంత మేరకు ఉష్ణోగ్రతను దిద్దాలి. దిద్దిన అంకెలను చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట్ల నమోదైన ఉష్ణోగ్రతలతో నెలవారీగా సరిచూడాలి. చలికాలం రాత్రుళ్లు కొండ మీది చల్లగాలి లోయలోకి దిగి పేరుకుంటుంది కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో 6.5 డిగ్రీల లెక్క సరిగ్గా నిలవదు. ఆ నెలలకు స్థానిక కొలతల నుంచి వేరే గుణకం తీసుకోవాలి. మోడిస్ అనే ఉపగ్రహ పరికరం కిలోమీటరు పరిమాణంలో ఇచ్చే నేల ఉపరితల ఉష్ణోగ్రత ఆకర్షణీయంగానే కనిపిస్తుంది కానీ, అది గాలి ఉష్ణోగ్రత కాదు, పైగా మనకు అత్యవసరమైన జూలై, ఆగస్టు నెలల్లో మబ్బుల వల్ల దానిలో ఖాళీలే ఎక్కువ.

వాన: ఎక్కువైతే ముప్పు ఎక్కువేనా

అన్ని చోట్లా కాదు. పంజాబ్ వంటి పొడి ప్రాంతంలో భారీ వర్షాలు మలేరియా మహమ్మారులను తెచ్చేవి. 1908లో అక్కడ సుమారు 3 లక్షల మంది మరణించారు. ఆ అనుభవంతోనే అక్కడి ప్రజారోగ్య అధికారి సి.ఎ. గిల్ 1920వ దశకంలో వర్షపాతం, ధాన్యం ధరలు, పిల్లల్లో ప్లీహం వాపు శాతం కలిపి ముందస్తు హెచ్చరిక పద్ధతిని నిర్మించాడు. ధాన్యం ధరలను లెక్కలోకి తీసుకోవడం, అంటే ఆకలిగా ఉన్న జనానికి జ్వరం ప్రాణాంతకమవుతుందని గుర్తించడం, నేటి వాతావరణ నమూనాల్లో చాలావాటికి లేని వివేకం. దీనికి పూర్తి విరుద్ధంగా, సిలోన్‌లో (నేటి శ్రీలంక) 1934-35లో సుమారు 80,000 మందిని బలిగొన్న మలేరియా వానలు కురవక వచ్చింది. నిండుగా పారే నదులు ఎండి మడుగులుగా మారడంతో అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ దోమ విపరీతంగా పెరిగింది.

మన ఏజెన్సీలో ఈ రెండు స్వభావాలూ పక్కపక్కనే ఉన్నాయి. కొండవాగుల అంచుల్లో, నెమ్మదిగా పారే తేట నీటిలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ ప్రధానంగా మనుషుల రక్తాన్నే కోరుతుంది. అందువల్ల తక్కువ సంఖ్యలో ఉన్నా ప్రమాదకరం. కుండపోత వాన పడితే గెడ్డ ఉధృతికి దాని లార్వాలు కొట్టుకుపోతాయి, వానలు వెనుకబట్టి ప్రవాహం నెమ్మదించాక మళ్లీ పెరుగుతాయి. వాన నీటి గుంటల్లో, వరి మడుల్లో, నదీ గర్భంలోని మడుగుల్లో పెరిగే క్యులిసిఫేసిస్‌కు మాత్రం వానాకాలం అనుకూలమే, అయితే అది పశువుల వైపే ఎక్కువగా మొగ్గుతుంది. ఈ కారణంగా నెల మొత్తం వర్షపాతం అనే ఒక్క అంకె ఇక్కడ సరిపోదు. నెలలో 2.5 మిల్లీమీటర్లకు మించి కురిసిన రోజుల సంఖ్య, ఒకే రోజున కురిసిన గరిష్ఠ వర్షపాతం, వాన పడి ఎన్ని రోజులైందన్న లెక్క, ఈ మూడింటినీ వేర్వేరు చలరాశులుగా తయారు చేసుకోవాలి.

వర్షపాతానికి భారత వాతావరణ శాఖ 0.25 డిగ్రీ గ్రిడ్ 1901 నుంచి ఉంది. ఉపగ్రహ చిత్రాలనూ నేలమీది కొలతలనూ కలిపి తయారు చేసే చిర్ప్స్ వర్షపాత సమాచారం 1981 నుంచి లభిస్తుంది; అది 0.05 డిగ్రీ, అంటే సుమారు 5.5 కిలోమీటర్ల పరిమాణంలో ఉంటుంది. ఐమెర్గ్ అనే ఉపగ్రహ వర్షపాతం 0.1 డిగ్రీ పరిమాణంలో, వాన కురిసిన కొద్ది గంటలకే తొలి రూపంలో అందుతుంది. నమూనాకు పాత సంవత్సరాల చరిత్రను నేర్పడానికి చిర్ప్స్ తుది రూపాన్ని వాడి, ఈ వారం హెచ్చరిక ఇవ్వడానికి ఐమెర్గ్ తొలి రూపాన్ని పెట్టడం చాలామంది చేసే పని, కానీ అది నమూనాను లోలోపలే చెడగొడుతుంది. కొండల మీద రెండింటి అంకెల్లో క్రమబద్ధమైన తేడా ఉంటుంది కాబట్టి, హెచ్చరిక సమయంలో ఏది చేతికందుతుందో చరిత్రలోనూ దానినే వాడాలి. మండలాల్లోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల కొలతలు అందుబాటులో ఉంటే వాటితో ఉపగ్రహ వర్షపాతాన్ని దిద్దుకోవాలి.

గాలిలో తేమను ఈఆర్ఏ5-ల్యాండ్ ఇచ్చే మంచుబిందు ఉష్ణోగ్రత నుంచి లెక్కించవచ్చు. సాపేక్ష ఆర్ద్రత 60 శాతానికి తగ్గితే దోమ ఆయుష్షు తగ్గుతుందన్నది పాత సూత్రం. ఏజెన్సీలో వేసవిని మినహాయిస్తే దీని ప్రభావం స్వల్పమే.

కేసుల లెక్కలను నమ్మే ముందు

వాతావరణ సమాచారం కోసం వారాలు వెచ్చించి, కేసుల పట్టికను మాత్రం వచ్చింది వచ్చినట్టు వాడేయడం ఈ రంగంలో సర్వసాధారణం. నిజానికి పటాన్ని ఎక్కువగా వంకరలు తిప్పేది ఈ పట్టికే. ఒక సబ్‌సెంటర్ పరిధిలో కేసులు సున్నా అని ఉంటే అక్కడ జ్వరాలు లేకపోవచ్చు, లేదా రక్తపూతలు తీసేవారే లేకపోవచ్చు. ఈ రెంటినీ వేరు చేయడానికి వార్షిక రక్తపరీక్షల శాతాన్ని ప్రతి యూనిట్‌కూ లెక్కించాలి. జాతీయ కార్యక్రమం దానికి పెట్టుకున్న ప్రమాణం జనాభాలో 10 శాతం. అంతకు బాగా తక్కువగా ఉన్న యూనిట్లను తక్కువ ముప్పు రంగులో చూపరాదు; వాటిని సమాచారం చాలని ప్రాంతాలుగా విడిగా గుర్తించాలి. వెయ్యి జనాభాకు నమోదైన కేసులతోపాటు, పరీక్షించిన రక్తపూతల్లో పాజిటివ్ వచ్చినవి ఎంత శాతమో కూడా పక్కన ఉంచుకుంటే, పరీక్షల సంఖ్య పెరిగినందువల్ల కేసులు పెరిగినట్టు కనిపించే సందర్భాలు బయటపడతాయి.

ఫాల్సిపరమ్, వైవాక్స్ కేసులను కలపరాదు. వైవాక్స్ పరాన్నజీవి కాలేయంలో దాగి, నెలల తరువాత తిరగబెడుతుంది కాబట్టి ఈనాటి వైవాక్స్ కేసు ఈ ఏటి వానతో ముడిపడి ఉండకపోవచ్చు. కోవిడ్ కాలమైన 2020, 2021 సంవత్సరాల్లో జ్వర పరీక్షల తీరే మారిపోయింది కనుక ఆ రెండేళ్లను శిక్షణలో చేర్చకపోవడం మేలు.

పరిపాలనా సరిహద్దుల సంగతి మన రాష్ట్రాలలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, 2016లో తెలంగాణ జిల్లాలు మారాయి, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పదేళ్ల కేసుల వరుస కావాలంటే జిల్లా పేరును ఆధారంగా పెట్టుకోవడం సాధ్యం కాదు. గ్రామం కోడ్, లేదా పీహెచ్‌సీ స్థాయిలో సమాచారం సేకరించి, ఒకే సరిహద్దుల పటంలోకి పాత సంవత్సరాలన్నిటినీ మార్చుకోవాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, కానీ దీనికి దగ్గర దారి లేదు.

సరిహద్దుకు ఆవల ఉన్న కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల సంగతి కూడా మరువరాదు. వారపు సంతలకు, కూలి పనులకు రాకపోకలు నిత్యం ఉంటాయి, దోమలకు రాష్ట్రాల హద్దులు తెలియవు. ఒడిశా 2017లో మారుమూల గ్రామాలకు మలేరియా నిర్మూలన శిబిరాలను మొదలుపెట్టిన తరువాత అక్కడ కేసులు బాగా తగ్గాయి. ఆ తగ్గుదలను వాతావరణానికి ఆపాదిస్తే నమూనా తప్పుడు పాఠం నేర్చుకుంటుంది. అందుకే దోమతెరల పంపిణీ జరిగిన నెల, పిచికారీ చేసిన ఇళ్ల శాతం అనే రెండు నిలువు వరుసలను పట్టికలో తప్పక చేర్చాలి.

వానకూ కేసుకూ మధ్య కాలం

ఒక వాన నుంచి కేసు నమోదయ్యే వరకు జరిగేదంతా కాగితం మీద వరుసగా రాసుకుంటే ఆలస్య వ్యవధి దానంతటదే తెలుస్తుంది. గుడ్డు నుంచి దోమ రావడానికి ఒకటి రెండు వారాలు, దోమలో పరాన్నజీవి పెరగడానికి సుమారు 12 రోజులు, మనిషికి సోకిన తరువాత జ్వరం రావడానికి 9 నుంచి 14 రోజులు, ఆశా కార్యకర్త పరీక్ష చేసి నమోదు కావడానికి మరికొన్ని రోజులు. ఇలా ఒక వలయానికే అయిదారు వారాలు అవుతుంది. ఉధృతి కనిపించాలంటే రెండో వలయం కూడా నడవాలి. కాబట్టి 4 నుంచి 12 వారాల వెనకటి వాతావరణాన్ని పరిశీలించాలి. ఎత్తయిన మండలాల్లో చల్లదనం వల్ల ఈ వ్యవధి ఇంకా పొడవవుతుంది. ప్రాంతమంతటికీ ఒకే వ్యవధిని రుద్దకూడదు.

సమాచారాన్ని క్యూజీఐఎస్‌ అనే పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏకం చేయాలి. విశాఖ ఏజెన్సీ యూటీఎం అనే ప్రపంచ పటాల విభజనలో 44 ఉత్తర మండలంలోకి వస్తుంది కాబట్టి దూరాలు, విస్తీర్ణాలు లెక్కించే ముందు పటాలన్నిటినీ ఈపీఎస్‌జీ 32644 ప్రొజెక్షన్‌లోకి మార్చుకోవాలి. ప్రతి సబ్‌సెంటర్ పరిధికీ వాతావరణ సగటు తీసేటప్పుడు జోనల్ స్టాటిస్టిక్స్ సాధనం ఇచ్చే సాదా సగటుతో సరిపెట్టకూడదు. అడవి శిఖరాల మీద జనం ఉండరు, లోయల్లో ఉంటారు. 100 మీటర్ల వరల్డ్‌పాప్ జనాభా పటంతో తూచిన సగటు తీస్తే, మనుషులు నిజంగా నివసించే ఎత్తులోని ఉష్ణోగ్రత లభిస్తుంది. ఎత్తుల పటం నుంచి వాగుల జాడ గీసి, గ్రామానికి వాగు ఎంత దూరమో కూడా ఒక చలరాశిగా చేర్చాలి. కిలోమీటరు పరిమాణపు ఉపగ్రహ చిత్రంలో మన గెడ్డలు కనబడవు.

నమూనాగా ఆర్ అనే గణాంక కంప్యూటరు భాషలోని ఎంజీసీవీ ప్యాకేజీతో, కేసుల సంఖ్య వంటి లెక్కింపులకు వాడే నెగెటివ్ బైనోమియల్ రిగ్రెషన్ సరిపోతుంది. జనాభాను ఆఫ్‌సెట్‌గా (కేసులను జనాభాకు తగ్గట్టు చూసేలా), యూనిట్‌ను యాదృచ్ఛిక ప్రభావంగా (చోటుచోటుకూ ఉండే తేడాను పట్టుకునేలా), నెలను ఋతుచక్రంగా పెట్టి, ఉష్ణోగ్రతనూ వాననూ మృదువైన వక్రరేఖలుగా చేర్చాలి. హెచ్చరిక ఇచ్చే నాటికి చేతిలో ఉన్న చివరి నెల కేసుల సంఖ్యను కూడా కలపాలి. పదేళ్ల నెలవారీ పట్టిక పట్టుకుని డీప్ లెర్నింగ్‌కు పరుగెత్తడంలో అర్థం లేదు; తప్పు ఎక్కడ జరిగిందో పీహెచ్‌సీ వైద్యుడికి వివరించలేని నమూనాను ఆయన రెండో ఏడు చూడడు.

పరీక్ష, పటం

పట్టికలోని వరుసలను యాదృచ్ఛికంగా విడదీసి పరీక్షిస్తే ఫలితం ఎప్పుడూ బాగానే వస్తుంది, ఎందుకంటే పక్క నెల, పక్క ఊరు జవాబును ముందే చెప్పేస్తాయి. అందుకు బదులు ఒక సంవత్సరం మొత్తాన్ని పక్కన పెట్టి, దానికి ముందు సంవత్సరాలతోనే నేర్పి, ఆ ఏడాదిని ఊహించమనాలి. తరువాత కొన్ని మండలాలను పూర్తిగా దాచిపెట్టి మరొకసారి పరీక్షించాలి. పోలికకు గడచిన అయిదేళ్లలో అదే నెల కేసుల మధ్యగత విలువను వాడాలి. ఆ సాదా అంచనాను దాటలేని నమూనాను పక్కన పెట్టి, మధ్యగతంతోనే పటం గీయడం నిజాయితీ.

ఉధృతి అంటే ఏమిటో ముందే నిర్వచించుకోవాలి. అయిదేళ్ల అదే నెల కేసుల మూడవ చతుర్థక విలువను (నాలుగింట మూడు వంతుల అంకెలు దేనికి దిగువన ఉంటాయో ఆ విలువను) దాటడం వాడుకలో ఉన్న గీటురాయి. ఆ గీతను దాటిన నెలల్లో ఎన్నింటిని నాలుగు వారాల ముందు చెప్పగలిగాం, చెప్పిన హెచ్చరికల్లో ఎన్ని వట్టివయ్యాయి అన్న రెండు అంకెలూ అధికారుల ముందు పెట్టాలి. వట్టి హెచ్చరికకు పిచికారీ బృందం ఒక వారం కూలి నష్టం. తప్పిపోయిన హెచ్చరికకు డోలీలో మోసుకొచ్చే పిల్లల ప్రాణాలు. ఎంత సంభావ్యత వద్ద ఎరుపు రంగు వేయాలన్నది ఈ బేరీజు వేసి అధికారులే నిర్ణయించాలి, దానిని సాఫ్ట్‌వేర్‌లోని డిఫాల్ట్ వర్గీకరణకు వదిలేయరాదు.

రంగుల సంఖ్య చేయదగిన పనుల సంఖ్యను మించకూడదు. వెంటనే పిచికారీ చేయవలసినవి, కిట్లూ మందులూ అదనంగా పంపవలసినవి, మామూలు నిఘా చాలునన్నవి, సమాచారం చాలనివి, ఇలా నాలుగు చాలు. చివరి వర్గానికి బూడిద రంగుపై అడ్డగీతలు వేయాలి. రోగుల ఇళ్ల స్థానాలను బిందువులుగా చూపే పటాన్ని ఎవరికీ పంపరాదు. సబ్‌సెంటర్ స్థాయి వరకే బయటికి వెళ్లాలి. గ్రామాల పేర్లు తెలుగులో, పీహెచ్‌సీ వారు వాడే రూపంలోనే ఉండాలి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉన్న మండలాల్లో పంచాయతీ పేరును పక్కన చేర్చాలి. మారుమూలన సిగ్నల్ ఉండదు కాబట్టి వెబ్ పటంతోపాటు నలుపు-తెలుపులో అచ్చువేసినా అర్థమయ్యే ఒక పేజీ ప్రతినీ, ముప్పు క్రమంలో ఊళ్ల జాబితానూ ఇవ్వాలి.

వాతావరణ శాఖ ఏప్రిల్‌లోనూ, మే చివరలోనూ నైరుతి ఋతుపవనాల అంచనాలు ప్రకటిస్తుంది. ఏప్రిల్ అంచనాతో తొలి పటాన్ని, మే అంచనాతో సవరించిన పటాన్ని, జూన్ నుంచి ప్రతి పదిహేను రోజులకు నిజంగా కురిసిన వానతో కొత్త పటాన్ని విడుదల చేయడం అనువైన క్రమం. బోట్స్వానాలో ఋతు అంచనాల ఆధారంగా మలేరియా హెచ్చరికలు నెలల ముందే ఇవ్వవచ్చని 2006లో నిరూపించారు. అక్కడ వానకూ మలేరియాకూ ఉన్న సంబంధం నేరుగా ఉంటుంది, మన కొండల్లో అంత నేరుగా ఉండదు కాబట్టి ఏప్రిల్ పటాన్ని కొనుగోళ్ల ప్రణాళికకే పరిమితం చేయాలి.

విడుదల చేసిన ప్రతి పటాన్నీ తేదీతో సహా మార్చకుండా భద్రపరచాలి. డిసెంబరులో ఆ ఏటి కేసులతో దానిని పక్కపక్కన పెట్టి, తప్పిన సబ్‌సెంటర్లను ఒక్కొక్కటిగా మలేరియా సబ్‌యూనిట్ సిబ్బందితో కూర్చుని చూడాలి. కొత్త రోడ్డు పనికి కూలీలు వచ్చిన ఊరు, చెక్‌డ్యామ్ కట్టిన గెడ్డ, దోమతెరలను చేపల వలలుగా వాడుకున్న గూడెం వంటి కారణాలు అక్కడే తెలుస్తాయి. వాటిలో కొలవగలిగినవాటిని మరుసటి జనవరిలోగా పట్టికలో కొత్త నిలువు వరుసలుగా చేర్చి, నమూనాను తిరిగి నేర్పాలి.